కొంగు పట్టిన కలెచెట్టు

పోయిన వానాకాలం మొదట్లో ఒక పొద్దున, బడికి వెళ్లే తొందరలో టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే మామ ఫోన్ చేశాడు. మామ ఫోన్లో ఎప్పుడూ "ఎవలు?" అని మొదలుపెడతాడు, తానే చేసినా సరే. ఆ రోజు అలా అనలేదు. "బిడ్డా, మీ అత్త పోయింది. చాయ్ పెడదామని లేచింది, మళ్ల మంచం మీద కూసున్నది. గంతే," అన్నాడు. ఆ వెంటనే, "కలెపండ్లు నల్లబడుతున్నయ్, పిల్లకు ఫోన్ చెయ్యాలె అని నిన్ననే అన్నది," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చావు కబురులో కలెపండ్ల ముచ్చటేమిటని మీకు అనిపించవచ్చు. మా అత్తను తెలిసినవాళ్లకు అనిపించదు.

అత్త అంటే మా నాయినకు తోడబుట్టిన అక్క. పుట్టి పెరిగింది రేగొండ దగ్గరి పల్లెలో. మామది రైల్వేలో గ్యాంగ్‌మన్ నౌకరీ కావడంతో కాపురానికి డోర్నకల్ వచ్చింది. పట్టాలకు కూతవేటు దూరంలో రెండు గదుల ఇల్లు, వెనక కొంచెం పెరడు. బండి చప్పుడు విని అది ఏ బండో చెప్పేది. ఆలస్యంగా వచ్చిన బండిని వంటింట్లోంచే తిట్టేది. ఊరు నచ్చింది, చర్చి నచ్చింది, చుట్టుపక్కల వాళ్లు నచ్చారు. నచ్చనిది ఒక్కటే, ఆ ఊళ్లో రేగొండ గుట్టల మీద కాసే కలెపండ్లు లేవు.

కలెచెట్టు తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కోస్తా వాళ్లు పప్పులో వేసుకునే వాక్కాయకు ఇది చిన్న చెల్లెలు. మనిషెత్తు పొద, నిండా ముళ్లు, ఏ కాలంలోనూ ఎండిపోయినట్టు కనిపించని పచ్చటి ఆకు. ఎండాకాలంలో మల్లెల్లా తెల్లటి పూలు పూసి, వానలు పడే వేళకు కాయలు ఎర్రబడి, తర్వాత నల్లబడతాయి. నల్లబడ్డ పండు నోట్లో వేసుకుంటే తీపి, వెనకే పులుపు, పెదాలకు జిగురు. డోర్నకల్ చుట్టుపక్కల ఈ చెట్లు అసలు లేవని కాదు. అత్త లెక్కలో అవి కలెపండ్లే కావు. "గివేం పండ్లు? ఉత్త పులుపు. మా రేగొండ పండు తింటే తెలుస్తది," అనేది. పుట్టింటి మీద పక్షపాతం అత్తకు పండ్ల దాకా పాకింది.

మొదట మా నాయినతో గుట్ట మీది మొక్కలు తవ్వించి తెప్పించింది. ఆయన గోనెసంచిలో మట్టి తడిపి, బస్సులు మారుతూ, కండక్టర్లతో ముళ్ల గురించి మాటలు పడుతూ తీసుకొచ్చాడు. అత్త వాటికి పొద్దున సాయంత్రం నీళ్లు పోసింది. అవి ఆ నీళ్లు తాగలేక చచ్చిపోయాయి. తర్వాత గింజల మీద పడింది. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన మనిషి గదా, గింజ అంటే ఎండబెట్టాల్సిందే, బూడిద కలపాల్సిందే, బట్టలో మూట కట్టి పొయ్యి మీది దూలానికి వేలాడదీయాల్సిందే. బీర గింజకూ చిక్కుడు గింజకూ చేసిన మర్యాదలన్నీ కలె గింజకూ చేసింది. మరుసటి వానలకు విత్తింది. ఒక్కటీ మొలవలేదు. మళ్లీ ఏడు కూడా అంతే, ఆ పై ఏడు కూడా. "గది మొలిచి కాసేసరికి నేను రిటైరైత తియ్యి," అని మామ ఎగతాళి చేసేవాడు.

ఒక ఆషాఢంలో నాయిన సంచెడు కలెకాయలు తెచ్చాడు. అత్త తొక్కు పచ్చడి పెట్టడానికి కూర్చుంది. గట్టివి ఏరుకుని, మెత్తబడి చితికిన పండ్లను, కడిగిన నీళ్లను గిన్నెలు తోమే బండ పక్కన పారబోసింది. వాటి సంగతి మరిచిపోయింది. కొన్నాళ్లకు ఆ బండ పక్కన బురదలో ఏదో మొలక లేచింది. ఆకు గిల్లితే పాలు వచ్చాయి. ఆ వేసవి సెలవులు అయిపోయినా జ్వరం వంకతో నేను అక్కడే ఉన్నాను కాబట్టి ఆ దృశ్యం చూసే భాగ్యం నాకు దక్కింది. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని ఆ మొలకను నిలదీసింది. "ఇన్నేండ్లు నెత్తిన పెట్టుకుంటె రాకపోతివి. పారబోస్తె వస్తివా?"

పండులోని గింజ తడి ఆరకముందే మట్టిలో పడాలట. ఎండితే దానికి ప్రాణం ఉండదట. ఆ సంగతి అత్తకు అలా తెలిసింది. తెలిశాక చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ తాను ముందే ఎరిగినట్టు చెప్పింది.

మొలక లేచిన చోటు మాత్రం ఎవరికీ పనికొచ్చే చోటు కాదు. స్నానాల గదికి పోయే దారి, గిన్నెల బండ, బట్టలారేసే తీగ, అన్నీ అక్కడే. మామ దాన్ని ఇంకోచోటికి మారుద్దామన్నాడు. "చెట్టు జరగదు. బండ జరుగుతది," అంది అత్త. జరిగింది బండే, జరిపింది మామే. ఇంట్లో ముళ్లచెట్టు ఉంటే కలిసిరాదని పక్కింటామె హితవు చెప్పబోతే అత్త నవ్వి, "ముండ్లు దానికున్నయ్, నోరు నాకున్నది. ఒక్కతీరు ఉన్నోళ్లం, కలిసే ఉంటం," అంది. ఆ తర్వాత పక్కింటామె ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అన్నట్టుగానే చెట్టు కాపుకొచ్చేసరికి మామ రిటైరయ్యాడు. తొలి పండ్లను అత్త దోసిట్లో పెట్టుకుని, నాతో చిన్నప్పుడు ఆడించిన ఆటే ఆడించింది. "పుంజా, పెట్టా?" కొరికితే లోపల ఎర్రగా ఉంటే పుంజు, తెల్లగా ఉంటే పెట్ట. అప్పటికి నాకు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునే వయసు వచ్చింది. టీచర్ ట్రైనింగ్ పరీక్షలో రెండోసారి తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక అత్త ఇంటికి వచ్చి పడ్డాను. అత్త నన్ను ఏమీ అడగలేదు. పండ్లు తినిపించి, చేతికి పట్టిన జిగురుకు నూనె రాస్తూ, "గింజలు మూడేండ్లు మొలవలె. నేను ఇడిసిపెట్టిన్నా?" అంది. అంతే. మూడోసారికి పాసయ్యాను. ఇవాళ మానుకోటలో పిల్లలకు పాఠాలు చెబుతున్నానంటే ఆ మాట పుణ్యమే. బతికుండగా ఆమెకు ఈ సంగతి చెప్పాను కూడా. "మరి నాకు జీతంల వాటా ఏది?" అని అడిగింది.

చెట్టు మీద కత్తి పడనిచ్చేది కాదు. ఒకసారి మామ, దారికి అడ్డం వస్తోందని పూతకు ముందు ఒక పక్క కొమ్మలు కొట్టేశాడు. ఆ ఏడు ఆ పక్క పండు లేదు. ఆ ఇంట్లో మాటా లేదు. ఎదురుగా మామ కూర్చుని ఉండగానే, "మీ మామకు చారు కావాల్నేమో అడుగు," అని నాతో అనేది. నాలుగు రోజులు ఇద్దరి మధ్య టపా మోసి అలసిపోయాను. అప్పటి నుంచి మామ కొడవలిని ఇంటి ముందు వైపే దాచేవాడు.

కొమ్మలు కొట్టకపోతే ఏమవుతుంది, దారిన పోయే మనిషిని పట్టుకుంటాయి. బట్టలారేసేటప్పుడు అత్త కొంగు రోజూ ముళ్లకు తగులుకునేది. ఆమె గుంజేది కాదు. నిలబడిపోయేది. ఒకడుగు వెనక్కి వేసి, మెల్లగా విడిపించుకునేది. "గుంజితె చీర పోతది. జర నిలబడితె అదే ఇడుస్తది," అనేది. అయినా ఆమె చీరల్లో కుట్టు పడని కొంగు లేదు. ఆమె పోయాక చీరలు పంచుకున్నప్పుడు చూసుకున్నాం. ప్రతి కొంగు మీదా సన్నటి దారం కుట్లు.

మానుకోటలో మేం ఇల్లు కట్టుకున్నాక నాకూ ఒక కలెచెట్టు కావాలనిపించింది. కొమ్మ విరిచి నాటితే కుళ్లిపోయింది. అత్త, "ఆగమాగం చెయ్యకు. పండ్లు నల్లబడ్డంక ఫోన్ చేస్త, రా. తెంపుకపోయి నీ పెరట్ల కూసొని తిందాం. ఊసిన గింజ ఊసినట్టె మట్టిల పెడదాం," అంది. ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నాను. వచ్చింది మామ ఫోన్.

డోర్నకల్‌లో దిగేసరికి తుంపర. చర్చి వాళ్లు పాటలు పాడారు, మట్టి వేశాం, కర్ర సిలువ నాటాం. కొత్త మట్టిని కుక్కలు తవ్వకుండా మీద ముళ్లకంప కప్పడం మా దగ్గర ఆనవాయితీ. ఒకప్పుడు సమాధుల చుట్టూ ఎక్కడ చూసినా తుమ్మలే. ఇప్పుడు అంతా ప్లాట్లు చేసి చదును చేశారు. కంప కోసం పోయిన వాళ్లు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. మామ ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు భుజం మీద కలెకొమ్మలు, పచ్చటి ఆకుతో, ఎరుపూ నలుపూ పండ్లతో. చేతుల నిండా గీతలు.

నాకు దుఃఖం ఆగలేదు. "మామా, దాన్నెందుకు కొట్టినవే! అత్త దానిమీద కత్తి పడనిచ్చిందా?"

మామ కొమ్మల్ని ఒక్కొక్కటిగా మట్టి మీద పరిచాడు. "ఇన్నేండ్లు మీ అత్త దానికి కావలున్నది. ఇగ అది మీ అత్తకు కావలుంటది, బిడ్డా," అన్నాడు.

అత్త జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకు మళ్లీ వెళ్లాను. పెరట్లో మిగిలిన పండ్లను పిట్టలు తినేశాయి. మొక్క మాట నేను ఎత్తలేదు, ఆ మనిషే లేనప్పుడు ఇంక మొక్క దేనికనిపించింది. వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం మామ ఫోన్ చేసి, "ఎవలు?" అన్నాడు. ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. "జర రా బిడ్డా. వచ్చేటప్పుడు ఒక డబ్బ తెచ్చుకో," అన్నాడు.

పుష్‌పుల్ బండికి వెళ్లాను. మామ నేరుగా సమాధి దగ్గరికే తీసుకెళ్లాడు. కొమ్మలు ఎండి, ఆకు రాలి, ముళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి. వంగి చూశాను. ఆ ముళ్ల కింద, మట్టిలో, వేలెడేసి మొలకలు, లేత ఆకులతో. ఒక ఆకు గిల్లాను. పాలు వచ్చాయి.

"పారబోస్తె వస్తివా?" అని నా నోటి నుంచి వచ్చేసింది. మామ నవ్వాడు. అత్త పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

సమాధి మీది మొక్కను ఇంటికి తెచ్చుకుంటారా అని మా అమ్మ ఫోన్లోనే కేకలేసింది. మామ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "చెల్లె, అది గోరీ మీది చెట్టు అనుకోకు. మీ వదినె పిల్లకు ఇస్తనన్న చెట్టు," అన్నాడు. అమ్మ గొంతు తగ్గించి, "డబ్బల జర మట్టి ఎక్కువ పెట్టు," అంది. ఒక్క మొలకను మట్టితో సహా తీసుకున్నాను. మేకలు మేయకుండా ఎండుకంపను అలాగే ఉంచమన్నాడు మామ. మిగతా మొలకలు దాని కిందే ఉన్నాయి.

నా మొక్కకు ఇప్పుడు మోకాలెత్తు వచ్చింది. నీళ్లు ఎక్కువ పోయడం లేదు. మొన్న బట్టలారేసి వస్తుంటే వెనక నుంచి ఎవరో పట్టుకుని ఆపినట్టయింది. తిరిగి చూస్తే నా కొంగు. కొత్తగా వచ్చిన ముల్లు, ఇంకా గట్టిపడనిది, దాన్ని పట్టుకుని ఉంది. నేను కట్టుకున్నది అత్త చీర. గుంజలేదు. అక్కడే నిలబడ్డాను. స్టేషన్ వైపు ఏదో బండి వెళ్తున్న చప్పుడు వినిపించింది. అది ఏ బండో నాకు తెలియలేదు. అది వెళ్లిపోయే దాకా, ముల్లు కొంగును విడిచేదాకా, అలాగే నిలబడి ఉన్నాను.