రోజుకో ముక్క

సామ్రాజ్యాలకు పునాదులు ఎప్పుడు పడ్డాయో చరిత్రకారులు శ్రద్ధగా రాసిపెట్టారు. టైల్స్ మేస్త్రి ఇంటి వెనక వరండాలో మొదటి పగిలిన టైలు ముక్క ఎప్పుడు పడిందో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇది మానవజాతికి తీరని లోటని మేస్త్రి ఉద్దేశం. ఆ మహత్తర దినం మొదలు ఆయన రోజూ పళ్లు తోముకోగానే, ఇంకా టీ చుక్క గొంతులో పడకముందే, సొట్టగిన్నెలో గుప్పెడు సిమెంటు కలిపి, ఒకే ఒక్క ముక్క అతికించి లేచేవాడు. జ్వరమొచ్చినా మానలేదు. కూతురి పెళ్లినాడు కూడా కొత్త బట్టలు మోకాళ్ల పైకి లాక్కుని, ఆనాటి ముక్క అతికించాకే పెళ్లికి బయల్దేరాడు.

ముక్కలు కూడా ఆషామాషీవి కావు. పనిచేసిన ప్రతి ఇంట్లోనూ మిగిలిపోయిన ముక్కొకటి అడిగి జేబులో వేసుకొచ్చేవాడు. డాక్టరు గారి స్నానాలగది నీలం, బ్యాంకు మేనేజరు వంటింటి పసుపు, ఇద్దరు అన్నదమ్ములు రంగు దగ్గర కొట్టుకుని చివరికి ఎవరూ వేయించుకోని ఆకుపచ్చ, అన్నీ కలిసి వరండా పొడుగునా ఒక పెద్ద చేప అవుతున్నాయి. ముందు ముక్కల్ని ఊరికే పేర్చుకోవడం, నెలల తరబడి అటూ ఇటూ జరిపి చూసుకోవడం, మనసు కుదిరాక రోజుకొకటి ఎత్తి అతికించడం ఆయన పద్ధతి. కాబట్టి తోకా పొట్టా నేలకి కరుచుకుని ఉన్నాయి. తల మాత్రం వట్టి నేల మీద వదులుగా పడుంది. బట్టలారేయడానికి వెళ్లినప్పుడల్లా ఇల్లాలు ఆ తలని తొక్కకుండా గోడకి వీపు రాసుకుంటూ నడవాలి. అలా నడుస్తూ అనుకున్న మాటలన్నీ ఆవిడ తమ్ముడికి ఫోన్లో చెప్పుకునేది.

రంగుల దుకాణం నడిపే ఆ తమ్ముడు మంచివాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మేస్త్రి పొరుగూరి పని మీద రెండు రోజులు వెళ్లాడు. వెళ్లేముందు, ఆ రెండు రోజుల బాకీ ఉండకూడదని రెండు ముక్కలు ముందే అతికించి మరీ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వరండా పూర్తయిపోయింది. సగం చేప, మిగతా సగం ఆసుపత్రి గోడలాంటి తెల్లటి కొత్త టైల్స్. బావమరిది కొత్త అల్లుడిలా నవ్వుతూ నిలబడ్డాడు. వెనకాల, పనిచేసిన కుర్రమేస్త్రీలిద్దరూ సామాను కడుక్కుంటున్నారు.

“తల ఏదిరా?” అన్నాడు మేస్త్రి.

“ఎవరి తల, బావా?”

“చేప తల.”

బావమరిది నవ్వు సగంలో ఆగింది. ఆ పెంకులు చెత్తనుకుని పనివాళ్లు బస్తాకెత్తారని, బండివాడు నిన్ననే పట్టుకుపోయాడని నసిగాడు. “రోజుకో ముక్కంటే ఎప్పటికయ్యేది బావా? అక్క పడే అవస్థ చూడలేక...”

“నన్ను మధ్యలోకి లాగకు,” అంది అక్క లోపల్నుంచి.

మేస్త్రికి అరికాలి మంట నడినెత్తికెక్కింది. బావమరిదిని తిట్టాడు, వాడి దుకాణాన్ని తిట్టాడు, వాడి మంచితనాన్ని ప్రత్యేకంగా తిట్టాడు. తన ఇంట్లో, తన వెనక, తన తల తీసుకెళ్లి చెత్తలో పోయించినవాడు చుట్టమెలా అవుతాడని వీధంతా వినేలా అడిగాడు. తర్వాత గొంతు తగ్గింది. అదే ఎక్కువ భయపెట్టింది.

“ఊరందరి నేలలూ గడువులోపు వేసిచ్చానురా. వాళ్లు ఎలా చెబితే అలా వేశాను. గడువు లేని పని, నాకు నచ్చినట్టు చేసుకునే పని నాకు ఇదొక్కటే. అది నువ్వు కానిచ్చేశావు.”

బావమరిది తల దించుకున్నాడు. మేస్త్రికి అది చాలలేదు. కోపం కుర్రమేస్త్రీల మీదికి మళ్లింది. అసలు వాలు చూసి వేశారా, లేక నీళ్లకి తూము దారి చూపించడానికి ఒక మనిషిని పెట్టాలా అని నిలదీశాడు. వాళ్లు చూసే వేశామన్నారు. అయితే ఇప్పుడే తేల్చేద్దామని బకెట్టు నిండా నీళ్లు పట్టుకొచ్చాడు. పరువు తీసే ఘట్టం గనక ఇల్లాలిని కూడా గుమ్మంలోకి పిలిచాడు.

తెల్ల టైల్స్ మీద కుమ్మరించిన నీళ్లు ఎక్కడా ఆగకుండా, చెప్పిన మాట వినే పిల్లల్లా తూములోకి వెళ్లిపోయాయి.

మేస్త్రి బకెట్టు మళ్లీ ఎత్తాడు. పని అంటే ఎలా ఉండాలో చూడండని, మిగిలిన అర బకెట్టు తన సగం మీద పోశాడు. రోజుకో గుప్పెడు సిమెంటు, రోజుకో చెయ్యి వాటం. నీళ్లు తోక మీంచి జారి, పొట్ట దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

కుర్రమేస్త్రీలు గోడ కేసి చూస్తూ నిలబడ్డారు. ఇల్లాలు లోపలికెళ్లి గోనెపట్టా తెచ్చి పొట్ట మీద పరిచింది.

వరండా ఆరేసరికి సాయంత్రమైంది.