మొక్కు జుట్టు కత్తిరించిన చేయి

నా చిన్నప్పటి సంగతుల్లో చాలావరకు నాకు కావలసినట్టు మార్చుకుని గుర్తుంచుకున్నవే. ఇదొక్కటి మాత్రం మా అమ్మను పదేపదే అడిగి సరిచూసుకున్నాను. ఇందులో నేను కళ్ళారా చూసింది ఏదో, ఒంటికి మందు ఎక్కి చూడలేకపోయింది ఏదో విడివిడిగా చెప్పగలను.

అప్పుడు నేను నాలుగో తరగతి. నాకు వీపు దాకా జుట్టు ఉండేది. పసితనంలో ఏదో జబ్బు చేస్తే మా నాయనమ్మ తిరుపతి కొండకు మొక్కుకుంది. ఆ జుట్టు కొండ మీదే తీయాలి, అంతదాకా దాని మీద కత్తెర పడకూడదు. ఏటా పత్తి తీయగానే వెళ్దామనుకునేవాళ్ళు. ఏటా పత్తికంటే ముందు పచ్చపురుగు వచ్చేది. ప్రయాణం వాయిదా పడేది, జుట్టు పొడుగయ్యేది. బడిలో నన్ను 'ఏమే' అని పిలిచేవాళ్ళు.

ఆ జుట్టు నిండా పేలు పడ్డాయి. మా వైపు ఆ రోజుల్లో పత్తికి కొట్టే పురుగుమందుని పత్తికే వాడేవాళ్ళు కాదు. మంచాల్లో నల్లులకు, గొడ్ల మీద గోమార్లకు, పిల్లల తలలో పేలకు కూడా అదే. ఎవరికీ అది తప్పుగా తోచేది కాదు. పురుగును చంపేది పేనును చంపదా అన్నదే లెక్క. అమ్మ మిరపచేలో ఉన్న ఒక పొద్దున మా నాయనమ్మ డబ్బా అడుగున మిగిలిన మందును కొబ్బరినూనెలో కలిపి నా తలకు బాగా పట్టించి, పాతగుడ్డ చుట్టి, ఎండలో కూర్చోబెట్టింది. ప్రేమతోనే చేసింది. ఈ మాట మరిచిపోతే మిగతాదంతా తప్పుగా అర్థమవుతుంది.

కాసేపటికి చెమటలు పోశాయి. నోట్లోంచి చొంగ ఆగలేదు. కడుపులో మెలిపెట్టింది, ఎదురుగా ఉన్న గోడ మసకబారింది. ఎవరో కబురు చెబితే అమ్మ చేలోంచి పరుగున వచ్చి నన్ను భుజాన వేసుకుని రోడ్డెక్కింది. చిలకలూరిపేట మిల్లుల్లో పత్తి దించి వస్తున్న లారీ ఒకటి ఆగింది. నాయనమ్మ కూడా ఎక్కింది. నాన్న ఊళ్ళో లేడు. మా పెదనాన్న మోటారు సైకిల్ మీద లారీ వెనకే వచ్చాడు. ఆయన మాటంటే ఊరందరికీ భయమే, అమ్మకు మరీను.

పట్నంలోని సర్కారు ఆసుపత్రిలో పిల్లల వార్డును ఒక పెద్ద సిస్టరు నడిపేది. పొట్టిగా, తెల్లచీర మడత నలగకుండా ఉండేది. పెదనాన్న లోపలికి వస్తూనే ఆవిడకు రెండు చేతులూ జోడించి, "అమ్మగారూ, మా ఇంటి దీపమండి వీడు. మీరే దిక్కు" అన్నాడు.

"ఏం తిన్నాడు?" అంది ఆవిడ.

"ఎండదెబ్బ" అంది నాయనమ్మ, ఎవరి వంకా చూడకుండా.

పెద్ద సిస్టరు వంగి నా తల వాసన చూసింది. పత్తి ప్రాంతంలో పనిచేసే వాళ్ళకు ఆ వాసన కొత్త కాదు. డాక్టరును పిలిచింది. ఆయన నా కళ్ళు చూసి, విరుగుడు సూది వేసి, "జుట్టు మొత్తం తీసేయండి, తల సబ్బుతో రుద్ది రుద్ది కడగండి, ఒంటి మీద బట్టలు కూడా మార్చండి" అని చెప్పి, అప్పుడే వచ్చిన ఇంకో కేసు దగ్గరికి వెళ్ళాడు.

కత్తెర, నీళ్ళ బకెట్టు పట్టుకుని ఒక ట్రైనింగు నర్సు వచ్చింది. బక్కపలచని అమ్మాయి. నా మంచం ఆమెకు అప్పగించారు. ఆమె నా జుట్టు చేతిలోకి తీసుకోగానే నాయనమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"నిన్నెక్కడో చూశానే. ఎవరి పిల్లవి నువ్వు?"

ఆ అమ్మాయి ఊరు పేరు చెప్పింది. మా పక్క ఊరే.

"మా చేలో మిరపకాయలు కోసే దాని కూతురివి కదూ! ఆ పల్లె పిల్లవి! ఒరేయ్ పెద్దోడా, చూశావంట్రా, దీన్ని తెచ్చి దేవుడి జుట్టు మీద చెయ్యి వేయిస్తున్నారు!"

మా వైపు పల్లె అంటే ఊరి బయటి దళితవాడ. ఆ అమ్మాయి చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. పెదనాన్న గొంతు తగ్గించి మర్యాదగానే అన్నాడు: "అమ్మగారూ, ఇంకెవరినన్నా పంపండి. పెద్దావిడ, పట్టింపు. మీరే చేసినా మాకు సంతోషమే."

"నేను చేస్తే సంతోషమా?" అంది పెద్ద సిస్టరు. "మా అమ్మ కూడా మిరపకాయలు కోసిన మనిషేనండి. మాదీ పల్లే. ఊరు వేరు, అంతే. ఇందాక మీరు దణ్ణం పెట్టింది పల్లె మనిషికే. మరిప్పుడు చెప్పండి, ఎవర్ని పంపమంటారు?"

పెదనాన్న మొహం ఎర్రబడింది. "మాటలు జాగ్రత్త. నేనెవరో తెలుసా? పెద్ద డాక్టరుతో మాట్లాడతాను."

"మాట్లాడండి. ఆయన గది ఆ చివర ఉంది. మీరు వెళ్ళొచ్చేలోపు తల కడగడం అయిపోతుంది."

తర్వాత ఆవిడ మా అమ్మ వైపు తిరిగింది. అప్పటిదాకా అమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అడిగే అలవాటూ లేదు. "తల్లివి నువ్వు. విషం ఆ జుట్టులో ఉంది. అదున్నంతసేపు ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. చెప్పు తల్లీ."

అమ్మ బావగారి ముందు ఏనాడూ గొంతెత్తి మాట్లాడలేదు. ఆ రోజు వార్డంతా వినబడేలా అంది: "కత్తిరించండి. ఆ అమ్మాయే కత్తిరించనీండి. మొక్కు తప్పితే ఆ పాపం నాది."

పెద్ద సిస్టరు నాయనమ్మ వేళ్ళను ఒక్కొక్కటిగా, మెత్తగా, ఆ అమ్మాయి మణికట్టు మీంచి విడదీసింది. "కానీ అమ్మాయ్" అంది. తను బకెట్టు పట్టుకుంది. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది: ఆ పిల్ల కడుగుతుంటే, వార్డంతటికీ పెద్దదైన మనిషి పక్కన నిలబడి నీళ్ళు పోసింది.

తలకు ఆ మందు రాసింది నాయనమ్మేనని ఆ తర్వాత పెదనాన్నకు తెలిసింది. కోపమంతా నాయనమ్మ మీదికి మళ్ళింది. "ఏం చేశావే ముసల్దానా! పిల్లాణ్ణి చంపుదామనుకున్నావా?" అని మంచం పక్కనే అరిచాడు. పెద్ద సిస్టరు చరచరా వచ్చింది.

"ఈ వార్డులో ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఇందాక నా పిల్లను అననివ్వలేదు. ఇప్పుడు ఈవిణ్ణీ అననివ్వను. గొంతు తగ్గించుకోండి, లేదా బయట నిలబడండి."

ఆయన బయటికి వెళ్ళాడు. ఆవిడ ఒక స్టూలు తెచ్చి నాయనమ్మను నా తల దగ్గర కూర్చోబెట్టింది. "మామ్మా, నీకో పని. వీడి మూతి దగ్గరే చూపు పెట్టు. నురగ వచ్చినా, ఊపిరి గురగురమన్నా కేకెయ్యి. ఆ అమ్మాయి వస్తుంది."

"ఆ పిల్లేనా?"

"ఆ పిల్లే."

నాయనమ్మ నా మూతి మీంచి చూపు తిప్పలేదు.

విరుగుడు సూది తాలూకు మగతలో నాకు గోడల మీద లేని చీమలు కనబడ్డాయి. వాటిని ఏరుతూ ఉన్నానట. తెర అవతల పంపు దగ్గర మాటలు మాత్రం తెలివిలోనే విన్నాను.

"నేను రేపటినుంచి రాను సిస్టర్. మా అమ్మ ఆ చేలోనే పనికి పోవాలి. ఆవిడ రేపు మా అమ్మనేమంటుందో!"

"అనొచ్చు. అన్నం తిన్నావా?"

"లేదు."

"తిని ఏడు. ఖాళీ కడుపుతో ఏడిస్తే తలనొప్పి తప్ప ఏమీ రాదు. నీ మంచాలు ఈలోగా నేను చూస్తాను."

"నా వల్ల మీకు గొడవ..."

"నీ వల్ల కాదు. ఆ మాట ఇంకోసారి అనొద్దు. గొడవ తెచ్చింది వాళ్ళు. ఇంటికి పోవాలనుకుంటే పో, ఎవరూ కట్టెయ్యరు. కానీ వాడు లేచి కూర్చున్నాక పో. మధ్యలో వదిలేస్తే వాళ్ళు నిన్ను పంపినట్టవుతుంది. తర్వాత వెళ్తే నీ అంతట నువ్వు వెళ్ళినట్టు."

సాయంత్రం దీపాలు వెలిగించే వేళకు నా ఊపిరి చెడింది. ఇది నాకు తెలియదు, అమ్మ చెప్పింది. గొంతులో నీళ్ళు నిండినట్టు గురగుర మొదలైంది, పెదాలు నల్లబడ్డాయి. నాయనమ్మ స్టూలు తన్నేసి లేచి, "సిస్టరమ్మా! ఓ సిస్టరమ్మా! పిల్లాడు పోతున్నాడే తల్లీ, రావే!" అని వార్డు అదిరేలా కేకవేసింది. ఆ అమ్మాయి అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చి, చేతులు నీళ్ళలో ముంచి, నన్ను పక్కకు తిప్పి, గొట్టంతో నోట్లోదంతా లాగేసి, డాక్టరును పిలిపించింది. ఆయన మళ్ళీ సూది వేసి, ఆక్సిజన్ పెట్టించాడు. ఊపిరి దారిలో పడింది. నాయనమ్మ ఆ అమ్మాయి చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందట.

మర్నాడు పొద్దున నేను లేచి కూర్చున్నాను. జుట్టు లేని తలను తడుముకుంటుంటే పెదనాన్న పెద్ద డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద డాక్టరు చెడ్డవాడేం కాదు. తొందరలో ఉన్న మనిషి.

"ఎందుకు సిస్టర్ రభస? ఆ అమ్మాయిని వేరే వార్డుకు వేసేస్తే సరిపోతుంది కదా" అన్నాడు.

"సరే సార్" అంది పెద్ద సిస్టరు. అందరూ తెల్లబోయారు. "వేసేయండి. ఎందుకు వేస్తున్నారో మాత్రం ఆ అమ్మాయికి మీరే మొహమ్మీద చెప్పాలి. చదువు చెప్పే నోటితో ఆ మాట నేను చెప్పలేను."

ఆ అమ్మాయి నా మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. వార్డులోని మిగతా నర్సులు చేతిలో పనులు అక్కడే పెట్టి, ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు. పెద్ద డాక్టరు చెప్పబోయి, ఆ అమ్మాయి వంక చూసి మానేశాడు. చివరికి ఆమెనే అడిగాడు: "పిల్లాడెలా ఉన్నాడమ్మా?"

పెద్ద సిస్టరు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది: రాత్రి ఊపిరి, నాడి, కళ్ళు, తాగిన నీళ్ళు, వచ్చిన మూత్రం. మొదట చీటీ చూసి చెప్పింది. తర్వాత చూడకుండానే చెప్పింది. పెదనాన్న అంతా వినక తప్పలేదు. అది తన ఇంటి దీపం సంగతి కదా.

మేము ఇంటికి వెళ్ళే రోజున కూడా ఆ అమ్మాయి డ్యూటీలోనే ఉంది. వెళ్ళిపోలేదు.

దీని తర్వాత మా నాయనమ్మ మారిపోయిందని రాస్తే బాగుంటుంది. మారలేదు. ఇంటికి రాగానే మైల పోవాలని నా గుండుకు పసుపునీళ్ళు పోసింది, బతికినంతకాలం ఆ పల్లె వాళ్ళకు మా గడప బయటే మంచినీళ్ళు ఇచ్చింది. పెదనాన్న అమ్మతో చాలాకాలం మాట్లాడలేదు. మారింది అమ్మ ఒక్కతే. పురుగుమందు డబ్బాలు ఇంట్లోకి రానివ్వలేదు, ఆ సంగతిలో ఎవరి మాటా వినలేదు.

నేను ఇప్పుడు ఒక స్పిన్నింగు మిల్లులో యంత్రాల మరమ్మతు చూస్తున్నాను. షిఫ్టులో నా కింద కొంతమంది పనిచేస్తారు. ఫలానా వాడి కింద పని నేర్చుకోం, ఫలానా వాడితో కలిసి తినం అనేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. నాతోటి ఇంజనీర్లలో మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు షిఫ్టులు అటూ ఇటూ మార్చి సర్దేస్తారు. కాలం గడిస్తే మనుషులే మారతారు, అంతదాకా ఓపిక పట్టాలి అంటారు. ఆ ఓపిక ఖరీదు ఎప్పుడూ ఆ ఫలానా వాడే కడతాడు.

పెద్ద సిస్టరు మా నాయనమ్మను మారమని అడగలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు, సిగ్గుపడమనలేదు, తిట్టనివ్వలేదు కూడా. ఆ పిల్ల చేతికి అడ్డు తప్పుకోమంది, అంతే. నేనూ అంతే చేస్తాను. ఎవరి మనసులో ఏముందో నేను అడగను, దాన్ని వాళ్ళు ఇంటికి వెళ్ళి తీరిగ్గా చూసుకోవచ్చు. నా షిఫ్టులో పనిమంతుడి దారికి మాత్రం అడ్డు తప్పుకోవాల్సిందే. తప్పుకోకపోతే పైవాళ్ళతో మాట్లాడుకోమంటాను. వాళ్ళు మాట్లాడి వచ్చేలోపు మేము యంత్రం బిగించేసి ఉంటాం.