కదలని నీళ్లు

నా భార్య చలిజ్వరంతో చనిపోయిన ఏడు, ఇంట్లో కూర్చోలేక హొసకోటలో శనక్కాయలు ఒలిచే మిషనులో పనికి చేరాను. అంతకుముందు నిడుగల్లు కొండ కింద కాస్త మెట్టచేను, కొన్ని గొర్రెలు, అంతే నా లోకం. ఇనుముతో నాకెప్పుడూ పని పడలేదు.

మిషనును తిప్పడానికి సావుకారు ఎక్కడినుంచో ఒక ముసలి ఆవిరి ఇంజనును కొని తెచ్చాడు. బాయిలరు పేలితే ఊరికి ముప్పని దూరంగా రాతి కొట్టం కట్టించి అందులో పెట్టించాడు. నా పడకా అందులోనే. మిషనులో కాయలు పోసే కూలీ ఆడవాళ్లు కూడా అటువైపు వచ్చేవాళ్లు కాదు.

ఇంజను నడిపే పెద్దాయనే నాకు పని నేర్పాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి ఆయనకు చెవులు పోయాయి. నేను ఏదైనా అడగాలంటే చేత్తో చూపించాలి. ఆయన మాత్రం అరిచి చెప్పేవాడు. బేరింగులకు ఆముదం ఎంత పోయాలో, పొయ్యిలోకి శనక్కాయల పొట్టు ఎట్లా చల్లాలో అన్నీ అలాగే నేర్చుకున్నాను. మా సీమ నీళ్లు ఉప్పునీళ్లు. బాయిలరు లోపల తెల్లగా గార కట్టేది. చల్లారాక నేను లోపలికి దూరి సుత్తితో దాన్ని కొట్టి రాల్చేవాణ్ణి. ఆ చీకట్లో నా ఊపిరి నాకే పెద్దగా వినిపించేది. ఇంటికి పోయినా ఇంతే కదా అనిపించేది.

బాయిలరు ముందు ఒక గాజు గొట్టం ఉండేది. లోపల నీళ్లు ఎంత ఉన్నాయో అందులో కనపడేది. పెద్దాయన దాన్ని చూపించి పదేపదే ఒకటే చెప్పేవాడు.

"నీళ్లు కనపడతాండాయని నమ్మొద్దప్పా. అవి అల్లాడతాండాయా లేదా చూడు. నీళ్లు తక్కువైనాయని తెలిస్తే బెదిరిపోయి చన్నీళ్లు ఎక్కించొద్దు. కాలిన ఇనుము మీద పడితే మనం మిగలం. ముందు మంట చంపాల."

ఒకసారి ఆయన కూతురి ఊరికి పోయాడు. నేనొక్కణ్ణే ఇంజను నడుపుతున్నాను. మధ్యాహ్నం గాజు వైపు చూస్తే నీళ్లు సగానికి ఉన్నాయి. కానీ కదలడం లేదు. లోపలి నీళ్ల మట్టం తెలియడానికి గాజు పక్కనే ఒకదాని కింద ఒకటిగా మూడు కొళాయిలు ఉండేవి; నడిమిది తిప్పాను. నీళ్లు రావాల్సిన చోట ఉట్టి ఆవిరి బుస్సుమంది. కింది కొళాయీ అంతే. గాలి రాకుండా పొయ్యి తలుపులు మూసి, తడి బూడిద, మట్టి గంపలకొద్దీ మంట మీద కుమ్మరించాను. మిషను ఆగిపోయింది.

సావుకారు పరుగున వచ్చాడు. "ఏందప్పా, ఎందుకు ఆపినావు? గాజులో నీళ్లు ఉండాయి కదా!"

"అవి గొట్టంలో నిలిచిపోయిన నీళ్లు సామీ. లోపల లేవు," అని మళ్లీ కొళాయి తిప్పి చూపించాను. ఆయన వెనక్కి జరిగాడు. కూలీలను ఇళ్లకు పంపేశాడు.

అందరూ వెళ్లిపోయారు. ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంటే నేను గోడకానుకుని కూర్చున్నాను. బతికి బయటపడ్డానని చెప్పుకోవడానికి మనిషి లేడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆమె పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

పెద్దాయన తిరిగొచ్చి గాజుకు నీళ్లు పోయే దారి విప్పాడు. అందులో గార గట్టిగా బిగుసుకుపోయి ఉంది. ఇనుప చువ్వతో పొడిచి బయటికి తీసి, నా వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు.

ఆ ఏటి పంట ఒలిచే పని అయిపోయాక, చూపు కూడా తగ్గుతోందని, ఆయన కూతురి దగ్గరికే వెళ్లిపోయాడు. బండెక్కేముందు, "ఇన్నాళ్లు కలిసి ఉన్నాం. నీ గొంతు ఎట్లుంటాదో నాకు తెలీనే లేదు కదప్పా," అన్నాడు. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "మళ్లా ఎప్పుడొస్తావు?" అని అరిచాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. వినపడలేదనో, రాననో నాకు తెలియలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు నేనే నడిపాను. ఆయిల్ ఇంజను వచ్చాక పాతదాన్ని ముక్కలు చేసి బండ్లకెత్తారు. నేను మళ్లీ చేను దగ్గరికి చేరాను. అక్కడ గొర్రెలను అదిలించడానికి తప్ప నోరు తెరిచే పని ఉండేది కాదు.