ఆపరేషన్‌కు ముందు పెరుగు చక్కెర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నర్సు పనికి ఆ గుణం సరిపడదని మా అమ్మ మొదటి నుంచీ అంటూనే ఉంది. అయినా ఇన్నేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. ఇల్లు యలహంకలో, డ్యూటీ బెంగళూరు నడిబొడ్డున ఒక ఆసుపత్రి సర్జరీ వార్డులో. వార్డుకు తెలుగు పేషెంటు ఎవరొచ్చినా ముందు నన్నే పిలుస్తారు. పేరుకు అందరిదీ తెలుగే గానీ, బాపట్ల వైపు నుంచి వచ్చిన నా తెలుగుకీ ఈ ఊళ్ళో తరతరాలుగా స్థిరపడిన వాళ్ళ తెలుగుకీ మధ్య సగం కన్నడ దేశం ఉంటుంది.

ఆ రోజు పొద్దున నా చేతికొచ్చిన పేషెంటు కాటన్‌పేట అవ్వ. వాళ్ళది తాతల నాటి నుంచీ బట్టల వ్యాపారం చేసే కుటుంబం. పిత్తాశయంలో రాళ్ళు, తీసెయ్యాలి. పంచాంగం చూపించుకుని మరీ ఆ రోజు ఖాయం చేసుకున్నారు. పరగడుపున ఉండాలని ముందే చెప్పాం. పొద్దున నేను అడిగితే అవ్వ బుద్ధిగా తల ఊపింది.

"నీళ్ళు గూడా తాగలేదు పాపా. నాలిక పీచు గట్టుకోనుండాది."

గౌను తేవడానికి నేను అటు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ ఇల్లంతా చేరింది. కొడుకు, కోడలు, కూతుళ్ళు, మనవలు, ఒక ముసలి చెల్లెలు. ఇంతమందిని లోపలికి ఎవరు రానిచ్చారని విసుక్కుంటూ అందర్నీ బయటికి పంపించి తెర లాగాను. గాజులు తీయించాను, గౌను తొడిగాను. స్ట్రెచర్ వచ్చి గుమ్మంలో ఆగింది. చివరిగా మళ్ళీ అడిగాను, ఏమైనా తిన్నారా అని. లేదంది. అయితే పళ్ళసెట్టు తీసి ఇవ్వవ్వా అన్నాను.

తీసి నా చేతిలో పెట్టింది. దాని అంచుల్లో తెల్లగా పెరుగు, ఇంకా కరగని చక్కెర పలుకులు.

"ఇదేంటవ్వా?"

"అదా. మావాళ్ళు పెరుగు చక్కెర పెట్టిరి."

"తినలేదన్నావు కదా."

అవ్వ నన్ను వింతగా చూసింది. "అది తిండి ఎట్లయితాది పాపా? అది శకునము. మంచి పనికి పోయేటప్పుడు నోరు తీపి చేసి పంపరా మీ ఇండ్లల్లో?"

మా ఇళ్ళల్లో పెట్టరు. మేము క్రైస్తవులం. ఎవరైనా బయల్దేరితే అమ్మ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపుతుంది. కానీ చెయ్యి వేసినా చెంచా పెట్టినా వెనకున్నది ఒకటే భయమని నాకు తెలుసు. అవ్వ అబద్ధమాడలేదు. ఆమెను తిట్టడానికి లేదు. నోటిదాకా వచ్చిన కోపాన్ని మింగేశాను.

బయటికి వెళ్ళి కోడల్ని ఎంత పెట్టారని అడిగాను. ఒక్క చెంచా అంది. పక్కనున్న ఆడపడుచు తానూ ఒక చెంచా పెట్టానంది. మనవలు పెట్టారు, చెల్లెలు పెట్టింది. తలా ఒక చెంచా అయ్యేసరికి కోడలి చేతిలో స్టీలు డబ్బా ఖాళీ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మత్తు ఇచ్చాక మనిషికి మింగడం, దగ్గడం చేతకాదు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఆ వయసులో ఇంకా ఎక్కువ. ఇదంతా కొడుక్కి చెప్పాను. ఆయన గొంతు తగ్గించి నా దగ్గరగా వచ్చాడు.

"సిస్టర్, మీరూ తెలుగోళ్ళే. స్వల్ప నోరు కడిగి పంపీండి. ఎవురికీ చెప్పొద్దండి. ఇంత దానికి ఆపితే ఎట్ల? ఈ దినము తప్పితే మళ్ళా మంచి దినము ఇప్పుట్లో లేదు."

ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, పేషెంటును ఎందుకు పంపలేదని. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఏమవుతుందిలే అనిపించింది. ఏమీ కాకపోవచ్చు కూడా. వెంటనే నామీద నాకే కోపం వచ్చింది. ఆయన అడుగుతున్నది తెలుగు మనిషిని. మంచం మీద నోరు తెరుచుకుని నన్ను నమ్మి పడుకున్నావిడకు కావలసింది నర్సు.

ఫోన్ తీసి మత్తు డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వచ్చి డబ్బా చూసింది, అవ్వను చూసింది, ఆపరేషన్ మర్నాటికి మార్చింది. అంతే. సర్జన్ విసుగు, థియేటర్ నుంచి ఫోన్లు, అన్నీ నా నెత్తిన పడ్డాయి. కొడుకు మా ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి వెళ్ళి, ఈమె మాకొద్దు, వేరే వాళ్ళని వెయ్యండి అన్నాడు. మావాళ్ళే మాకిట్ల చేసిరి అని కూడా అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

మర్నాడు ఇన్‌చార్జి సిస్టర్ నన్నే పంపింది. నన్ను చూసి కొడుకు మొహం తిప్పుకున్నాడు. మంచి దినం కాదు, నోరు తీపి చేసే వీలు లేదు, అమ్మను అలా ఎండు నోటితో పంపడానికి ఆయనకు మనసొప్పడం లేదు. కోపం అనుకున్నాను గానీ దగ్గర నుంచి చూస్తే పాపం అది భయం. అవ్వే ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"సుమ్నే ఊరికే ఏమిటికప్పా మొగము అట్ల పెట్టుకుంటావు? పెరుగు యాడికీ పోదు. నేను వచ్చినంక పెట్టు."

తర్వాత నావైపు తిరిగి, అడగకుండానే నోరు బార్లా తెరిచింది. "చూడు పాపా, ఏమీ లేదు." పళ్ళసెట్టు లేని ఆ నోరు చూసి నాకు నవ్వొచ్చింది. నిన్నటి నుంచి గుండె మీద ఉన్న బరువు కొంచెం దిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. అవ్వ కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టినప్పుడు, దేవుడా అనుకుంటూ గోడకు ఆనుకున్నాను. ముందురోజే పంపి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు, నాకు అది చాలు. అప్పటి నుంచి మాత్రం పేషెంటును తిన్నారా అని ఒక్కసారి అడిగి ఊరుకోను. ప్రసాదమా, తీర్థమా, శకునానికి ఏమైనా పెట్టారా అని ఒక్కొక్కటీ అడుగుతాను. కొత్త సిస్టర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మెత్తటి ఆహారం పెట్టొచ్చని డాక్టర్ చెప్పాక, కోడలు పెరుగు చక్కెర డబ్బా తెచ్చింది. పళ్ళసెట్టు కడిగి నేనే అవ్వకు పెట్టాను. తలా ఒక చెంచా మొదలయింది. నేను మంచానికి ఇవతల నిలబడి సెలైన్ చూస్తున్నట్టు నటిస్తున్నాను. కొడుకు తన వంతు వచ్చేసరికి చెంచా పట్టుకుని ఆగిపోయాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి చెంచా నా చేతికిచ్చాడు.

"ముందు మీరు పెట్టండి సిస్టర్."

చెంచా అవ్వ నోటికి అందించాను. పెరుగు కొంచెం అవ్వ గడ్డం మీద ఒలికింది.