అవ్వ గదిలో హంసపిల్ల

మా అవ్వ పోయిన మూడు వారాలకు ఆమె గురకను మళ్ళీ బతికించిన ఘనత నాది. ఒకే ఒక్క పిట్టపిల్లతో ఇంటిల్లిపాదినీ హడలగొట్టాను. ఒక చర్చి ఉపదేశి చేత ఆయన జన్మలోకెల్లా పొట్టి ప్రార్థన చేయించాను. చివరికి నేను పుట్టించిన దయ్యాన్ని చూసి నేనే పరుగెత్తాను. ఇదంతా నా డైరీలో ఉంది. ఎవరికీ చూపకూడదని రాసుకున్న పేజీలవి. అయిదేళ్ళు గడిచాయి గనక ఇక నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. నా సిగ్గు ఎంతటిదంటే, వీధిలోకి వెళితే నా కాలి బొటనవేళ్ళు తప్ప పుంగనూరులో ఇంకేదీ చూసి ఎరగను. ఎదురొచ్చేవాళ్ళను చెప్పులను బట్టి గుర్తుపట్టేదాన్ని. అలాంటి మనిషికి చెట్టు మీది పిట్ట కనబడదు, నేల మీద పడ్డ పిట్టే కనబడుతుంది.

మా ఇల్లు చర్చి ప్రహరీని ఆనుకుని ఉండేది. ఒక రాత్రి గాలీవానా కొట్టి వెలిశాక, పొద్దున్నే నేను గంట గోపురం కింద నడుస్తుంటే కాళ్ళ దగ్గర తెల్లటి దూది ఉండ ఒకటి కదిలింది. దానికి ముసలమ్మ మొహంలాంటి పొడుగాటి మొహం, కాటుక ముద్దల్లాంటి కళ్ళు. నన్ను చూసి బుస కొట్టింది. ఇంత తెల్లని పిట్ట ఏమై ఉంటుందా అని ఆలోచించాను. మదనపల్లె హాస్టల్లో దీపం కింద నేను చదివిన పుస్తకాలన్నిటిలో తెల్లని పిట్ట ఒక్కటే ఉంది. హంస. పుంగనూరికి హంస ఎందుకొస్తుందని మీరు అడుగుతారు. నేను అడగలేదు. చదువుకున్నదాన్ని కదా.

దాన్ని ఓణీలో చుట్టి ఇంటికి తెచ్చాను. అమ్మ చూస్తే బయట పారేయమంటుంది. ఎవరూ అడుగుపెట్టని చోటు ఇంట్లో ఒకటే ఉంది, అవ్వ గది. ఆమె మంచం, ఆమె ట్రంకుపెట్టె, మేకుకు వేలాడే ఆమె శాలువా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కుప్పం స్టేషన్లో పనిచేసే నాయన, శనివారం వచ్చి ఆ మంచం తీసేసి, గదిని కొత్తగా వచ్చిన టీచరమ్మకు ఇద్దామని ఉత్తరం రాశాడు. అమ్మ ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు తాత లేచి వెళ్ళి పంచలో కూర్చున్నాడు, అంతే.

అవ్వ తమలపాకుల బుట్టలో పిల్లను పెట్టి మంచం కిందికి తోశాను. హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందని అందరికీ తెలుసు. అందుకని సగం పాలు, సగం నీళ్ళు కలిపి, ఇంకు ఫిల్లరుతో దాని నోట్లో పోశాను. అది పాలూ వదిలేసింది, నీళ్ళూ వదిలేసింది, రెండూ నా ఓణీ మీదే. “ఇంకా పసిది, వేరు చేయడం నేర్చుకోలేదు” అని డైరీలో రాసుకున్నాను.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క, అన్నం తినేటప్పుడు మాత్రమే దీపం వెలిగించేవాళ్ళం. ఆ సాయంత్రం ఇంట్లో మెల్లగా చీకటి పడుతూ ఉంది. అమ్మ వంటింట్లో రాగిపిండి కలుపుతోంది. అప్పుడు అవ్వ గదిలో నుంచి గురక వినిపించింది.

ఊపిరి పొడుగ్గా లోపలికి లాగి, అయిదు లెక్కపెట్టేంతసేపు ఆపి, ఈల కలిసిన బుసతో వదలడం. అవ్వ బతికినన్నాళ్ళూ ఆ మధ్యలో ఆగినప్పుడల్లా నేను లోలోపల లెక్కపెట్టేదాన్ని. ఆ సాయంత్రం కూడా, పిల్ల సంగతి తెలిసి కూడా, లెక్కపెట్టాను. సరిగ్గా అయిదు.

అమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. “వస్తాండా అత్తా” అంది, అలవాటుకొద్దీ. అన్నాక ఎవరితో అందో గుర్తొచ్చింది. గోడ పట్టుకుని పంచలోకి వచ్చింది.

“మామా, మీకేమన్నా ఇనపడతాండాదా?”

తాత చాలాసేపు విన్నాడు. తర్వాత చాప చుట్టుకుని లేచి, అవ్వ గది తలుపు ముందు పరుచుకుని కూర్చున్నాడు.

“పండుకోనుండాదిలే,” అన్నాడు. “లేపొద్దు.”

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరిచాను కూడా, మళ్ళీ మూసుకున్నాను. తాత ఆ తలుపుకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్న తీరు చూస్తే, అది అవ్వ కాదు హంస అని ఎలా చెప్పను?

మరునాడు పొద్దున గదిలోకి వెళితే అవ్వ మంచం నడిమధ్య, ఆమె ఎప్పుడూ పడుకునే గుంటలో, ఒక ఎలుక పడి ఉంది. దానికి తల లేదు. మా ఇంట్లో పిల్లి లేదు. తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. దాన్ని చీపురుతో ఎత్తి గోడ అవతల పారేసి, హంసకు మళ్ళీ పాలు పట్టాను.

ఆ సాయంత్రం అమ్మ ఉపదేశి దానియేలప్పగారిని పిలిపించింది. ఆయన ప్రార్థనకు నిలబడితే వంటలు మాడిపోతాయని మా సంఘంలో పేరు. దయ్యాలనేవి లేవని, అదంతా మన మనసులో భయమని, తలుపుకు నాలుగు గజాల దూరంలో నిలబడి ధైర్యం చెప్పాడు. కళ్ళు మూసుకుని సృష్టి నుంచి మొదలుపెట్టాడు. ఆదాము దగ్గరికి రాగానే లోపల ఊపిరి లాగిన చప్పుడు. ఆయన ఆగాడు. లోపల కూడా ఆగింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కాచుకున్నట్టు ఉండిపోయారు. తర్వాత గదిలో నుంచి బుస వచ్చింది, ఆయన నోట్లో నుంచి ఆమేన్ వచ్చింది. నోవహు దాకా కూడా పోకుండానే ప్రార్థన దిగిపోయింది. పెద్దపంజాణిలో అర్జెంటు పని ఉందని చెప్పి, చీకటి పడే వేళ అంత దూరానికి బయల్దేరాడు.

మూడో రోజు పొద్దున మంచం మీద ఇంకో ఎలుక. అదీ గోడ అవతలికే పోయింది. కానీ పిల్ల మెడ వాల్చేసింది. పాలు నోట్లో పోస్తే పక్కల నుంచి కారిపోతున్నాయి. గురక సన్నబడింది. పొద్దు గూకేసరికి అది ఉందా లేదా అని చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది. తలుపు బయట తాత కూడా అలాగే వింటున్నాడు. ఇది చచ్చిపోతే నేను రెండు చావులకు కారణమవుతాను. దాని ప్రాణం ఒకటి, తాత దృష్టిలో అవ్వ రెండోసారి.

ఫిల్లరు పట్టుకుని లోపలికి వెళ్ళి బుట్ట ముందు కూర్చున్నాను. గదిలో ఇంకా కొంచెం బూడిద రంగు వెలుగు ఉంది. ఆ కాస్త వెలుగూ ఉన్నట్టుండి తగ్గింది. అలవాటు లేకపోయినా తల ఎత్తాను.

వెంటిలేటరులో ఒక తెల్లని మొహం. తమలపాకు ఆకారంలో, నల్లని కళ్ళతో. రెక్కల చప్పుడు లేదు, గాలి కదల్లేదు. అది నన్నే చూస్తూ తల మెల్లగా అటూ ఇటూ ఊపింది, నేను తప్పు చేసినప్పుడు అవ్వ ఊపినట్టే.

తలుపు తోసుకుని వెళ్ళి తాత మీద పడ్డాను. “తాతా, అవ్వ వచ్చుండాది. గురక అవ్వది కాదు, నాది. నాది కాదు, హంసది. కానీ అవ్వ మాత్రం నిజంగానే వచ్చుండాది.”

తాత నన్ను నిలబెట్టి, లోపలికి తొంగి చూసి వచ్చాడు.

“హంస కాదు పాపా, గూబ. పైన ఉండేది దానెమ్మ.”

“నీకు తెలుసునా?”

“మొదటి పొద్దే తెలుసు. మీ అవ్వ గురక ఇంత మెత్తంగా ఉండుంటే, నలభై ఏండ్లు నేను పంచలో యాల పండుకుంటా?”

మరి లేపొద్దని ఎందుకన్నావని అడిగాను. తాత చాప అంచు గీరాడు. “శనివారం మంచం తీసేస్తారంట కదా. భయముంటే ఎవురూ తలుపు తియ్యరులే అనుకున్న్యా.”

ఆయనే మళ్ళీ అన్నాడు. “అది పిల్ల కోసరం ఎలకలు తెచ్చి పెడ్తా ఉంటే నువ్వు గోడవతల ఇసిరేస్తాండావు. యాడ తీసినావో ఆ పైన గూడుంటాది, ఆడ పెట్టు. నువ్వు ముట్టుకుంటే దానెమ్మేం అలగదు.”

అంటే రెండు పొద్దులు దాని భోజనం పారేసి, మూడు రోజులు దానికి సరిపడని పాలు పోసింది చదువుకున్న నేను. ఆ వేళలోనే నిచ్చెన వేశాం. తాత కింద పట్టుకున్నాడు, నేను గంట గోపురం ఎక్కాను. బొటనవేళ్ళు చూసుకుంటూ నిచ్చెన ఎక్కడం కుదరదని తెలిసింది. గంట పైన దూలం మూలలో గూడు ఉంది. పిల్లను బుట్టతో సహా అక్కడ పెట్టి దిగాను. కాసేపటికి తెల్లని రెక్కలు చప్పుడు లేకుండా మా తలల మీదుగా పోయాయి, కాళ్ళలో ఎలుక ఉంది. పై నుంచి బుస వినిపించింది, ఈసారి గట్టిగా. మూడు వారాల తర్వాత తాత నవ్వడం అప్పుడే విన్నాను.

శనివారం నాయన వచ్చాడు. మంచం కోడు మీద చెయ్యి వేశాడు. “ఆ గది తాతకు కావాల నాయనా” అన్నాను, ఆయన మొహంలోకి చూస్తూ. మీసంలో తెల్ల వెంట్రుకలు ఉన్నాయని ఆ రోజే తెలిసింది. నేను మాట్లాడినందుకే ఆయన అవాక్కయి, మంచం వదిలేశాడు.

ఆ రోజే తాత పంచ వదిలి అవ్వ మంచం ఎక్కాడు. పంచలో గాలికి పోయే ఆయన గురక నాలుగు గోడల మధ్య మోగేసరికి, ఇన్నాళ్ళూ ఆయన్ను పంచలోకి తరిమింది అవ్వేనని మాకు అర్థమైంది. ఆ సాయంత్రమే దానియేలప్పగారు మమ్మల్ని పలకరిద్దామని గుమ్మం దాకా వచ్చి, విని, అటునుంచి అటే వెనక్కి తిరిగాడు. పెద్దపంజాణిలో ఆయన పని ఇంకా తీరినట్టు లేదు.

కనుక డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేల మీద పిట్టపిల్ల కనబడితే ముందు తల ఎత్తి పైకి చూస్తాను. గూడు ఉంటే గూట్లో పెడతాను, తల్లి ఉంటే తల్లికి వదిలేస్తాను. పాలు మాత్రం చుక్క కూడా పోయను. అది నిజంగా హంసే అయినా సరే.