దేవేంద్రప్ప తిట్లు తిని రాసిన ఫారం

మనిషి ముఖం చూసి అడగలేని మాటను ఫారంలో రాయకూడదని దేవేంద్రప్ప పంతం. ఆదోనిలో వెబ్‌సైట్లు చేసే మా ఆఫీసులో ప్రోగ్రాం నాది, తెలుగు ఆయనది. నా ప్రాణం తోడే హక్కు కూడా ఆయనదే.

ఎమ్మిగనూరు నేతగాళ్ల సంఘానికి సభ్యత్వం ఫారం చేస్తున్నాం. నేతగాడి ఫారంలో మగ్గాల పెట్టె, దాని లోపల ఒక్కో మగ్గానికి పనిచేసేవాళ్ల పెట్టె. ఏ పెట్టె లేబుళ్లు, అంటే గడుల పక్కన కనిపించే ప్రశ్నలు, దానికే విడిగా తెలుగులో రాయాలి, లేకపోతే ఇంగ్లీషే కనిపిస్తుంది. మొత్తం పదిహేడు లేబుళ్లు. ఒక పూట పనికి ఈ మహానుభావుడు పదకొండు రోజులు తీసుకున్నాడు.

ఎందుకంటే ప్రతి లేబులూ ఎవరినో ఒకరిని నిలబెట్టి అడగాలట. మంత్రాలయం బస్సులో ఒక పెద్దాయనను "మీ వైవాహిక స్థితి?" అని అడిగి, ఊరు వచ్చేదాకా తిట్లు తిన్నాడు. టీ కొట్టు సుంకప్పను "మీ మీద ఆధారపడినవారెందరు?" అన్నాడు. ఆనాటి నుంచి ఈయన కనబడితే సుంకప్ప పాలు అయిపోయాయంటాడు. తిట్లు పడిన లేబుల్ కొట్టేయడం, ఇంకోటి రాసుకుని మళ్లీ తిట్లకు బయలుదేరడం. ఇంత చదువు ఇందుకేనా అని నాకు ఒళ్లు మండేది.

చివరికి లోపలి పెట్టె మిగిలింది. అందులో 'భర్త పేరు' అని నేనే పెట్టాను. అది నింపకపోతే ఫారం ముందుకు కదలదు.

"ఇది ఎమ్మిగనూరులో అడగల్ల. పోతాండాను," అని బస్సెక్కాడు. అట్లా నాలుగుసార్లు పోయినాడు.

సభ్యత్వం మొదలైన రోజు, నవ్వుకుందామని నేనూ ఎమ్మిగనూరు వెళ్లాను. మగ్గానికి నూలు కండెలు చుట్టే హులిగమ్మ వంతు వచ్చింది. మొగుడు వదిలేసిపోయి పన్నెండేళ్లు. పోయినేడు కాగితం ఫారంలో 'భర్త పేరు' గడి దగ్గరే, అందరి ముందూ లేచి వెళ్లిపోయిందట. సంఘం కార్డు లేక జబ్బుకు వైద్యం కూడా అందలేదట. ఈ సంగతి సంఘం గుమాస్తా సరస్వతి చెప్పింది. నాకు సిగ్గేసింది.

'భర్త పేరు' తీసేసి దేవేంద్రప్ప రాసిన లేబుల్‌ను సరస్వతి చదివింది. "మీకేమన్నా అయితే ఎవరికి చెప్పమంటారు?"

హులిగమ్మ తల ఎత్తి, మూల నిలబడ్డ దేవేంద్రప్పను చూపించింది. "ఆ యప్పకు సెప్పండి. మొగుని పేరు అడిగి, నాతో తిట్లు తిని, మల్లా మల్లా వచ్చినాడు."

"ఆయన మీకేమవుతారు?" సరస్వతి తర్వాతి లేబుల్ చదివింది.

హులిగమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "తమ్ముడని రాయమ్మా. అన్ని తిట్లు ఇంకెవరు పడతారు?"

దేవేంద్రప్ప వెంటనే జేబులోంచి కాగితం తీసి, ఆ లేబుల్‌కు తిట్లు పడలేదని రాసుకున్నాడు.