గీకుడు వేసిన రంగు

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షెడ్డు. అన్న కార్లకు రంగులేస్తాడు, తమ్ముడు ఉన్న రంగు ఊడబెరుకుతాడు. అందుకే అన్నని అందరూ పెయింటరుగారు అంటారు, తమ్ముణ్ణి గీకుడు అంటారు. మొదట్లో ఆ మాటకి ఉడుక్కునేవాడు. పోనుపోను, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనని కాదేమో అనుకుని పలకడం మానేశాడు.

గీకుడు పెళ్ళి చేసుకోలేదు. అన్నా వదినల దగ్గరే ఉంటాడు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "నా పని చూసి పిల్లనెవరిస్తారు? కారు తయారయ్యేసరికి అది కనబడదుగా" అని నవ్వేవాడు. అందులో హాస్యం కన్నా నిజమే ఎక్కువ. రేకుని ఎంత నున్నగా తేల్చినా పైన ప్రైమరు పడుతుంది, పుట్టీ పడుతుంది, రంగు పడుతుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు, ఈగ వాలితే జారిపడేలా ఉన్న ఆ మెరుపుకి ముచ్చటపడి అన్నని పొగిడి పోతారు. తమ్ముడు వెనకాల బకెట్టు కడుక్కుంటూ ఉంటాడు.

అన్న తన రంగు కొట్టే గన్ను ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "గీకడానికి చేతిబలం చాలురా. రంగెయ్యడానికి ఊపిరి నిలకడగా ఉండాలి. నీకన్నీ తొందరే" అనేవాడు. తమ్ముడు నిజమేననుకున్నాడు. అన్న చెప్పాక ఇంక అనుకోవడానికేముంది?

ఆ ఏడు వానలు ఇంకా మొదలవకముందు, పళ్ళ డాక్టరొకాయన లారీ మీద పాత కారొకటి తెచ్చి దింపించాడు. ఆయన తండ్రి నడిపిన కారు. బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ముక్కు మీద వెండి పట్టీ. ఒంటి మీద మాత్రం ఎవరికి తోచిన రంగు వాళ్ళు పులిమారు.

"పాతది ఒక్క పొర కూడా మిగలకూడదు. ఎంత టైమైనా తీసుకోండి" అన్నాడు డాక్టరు.

గీకుడికి పండగలా అయింది. పట్టీలు, రబ్బర్లు, దీపాలు ఊడదీశాడు. రంగు ఊడగొట్టే రిమూవరు బ్రష్షుతో దట్టంగా పూసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి కూర్చున్నాడు. కాసేపటికి రంగు ముడతలు పడి, కాలిన చర్మంలా ఉబ్బింది. అప్పుడు పుట్టీ బ్లేడుతో తోశాడు. పైన ఎరుపు, దాని కింద తెలుపు, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికన్నా అడుగున కంపెనీ వేసిన నలుపు. ఆ నలుపు ఓ పట్టాన కదల్లేదు. చేతి తొడుగులు చిరిగి వేళ్ళు మండినా వదిలిపెట్టకుండా గీకాడు. ఆఖరికి కారు మొత్తం బూడిదరంగు వెండిలా తేలింది. ఇక తలుపుల అంచు మడతల్లో ఇరుక్కున్న రిమూవర్ని నీళ్ళతో కడిగితే సరి. చీకటి పడుతోంది కదా, పొద్దున కడుగుదాంలే అని తాళం వేశాడు.

పొద్దున టీ తాగుతూ తాగుతూ అన్న చేతిలోంచి గ్లాసు జారిపోయింది. "ఏంటండీ ఇది" అని వదిన విసుక్కునేలోపే మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

ఆస్పత్రిలో ప్రాణం నిలబడింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. వదిన మంచం పక్కన, గీకుడు మందుల కోసం మెట్ల మీద. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆ వారమే ముసురు పట్టుకుంది. కారు సంగతి గుర్తొచ్చి షెడ్డుకి పరిగెత్తేసరికి, పచ్చి రేకు నిండా పసుపు జల్లినట్టు లేత తుప్పు. కూర్చుని ఎమరీ కాయితంతో రుద్దాడు. ఆస్పత్రికెళ్ళి వచ్చేసరికి మళ్ళీ పట్టింది. మళ్ళీ రుద్దాడు.

పళ్ళ డాక్టరు మంచివాడే. అన్నని చూసి వెళ్తూ, "ఇది తొందరపెట్టే సమయం కాదని తెలుసు. కానీ వానాకాలం ఇలా ఉంచితే రేకు మిగలదు. వేరేచోటికి పంపనా?" అని అడిగాడు.

గీకుడు నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. "వద్దు సార్. మా మరిది వేస్తాడు."

డాక్టరు వెళ్ళాక గీకుడు తల పట్టుకున్నాడు. "వదినా, నాకు రాదు. అన్న నన్నెప్పుడూ వెయ్యనివ్వలేదు."

"ఇంతకాలం పక్కనుండి చూశావు కదయ్యా. ఆ కారు కూడా పోతే, రేపు మీ అన్న లేచొచ్చి చూసేదేముంది అక్కడ? ఖాళీ షెడ్డా?"

గీకుడు లేచి షెడ్డు తాళంచెవి తీసుకున్నాడు. వాన తెరిపిచ్చినప్పుడు మళ్ళీ తుప్పు రుద్ది, థిన్నరుతో తుడిచి, గుండె చిక్కబట్టుకుని ప్రైమరు కొట్టాడు. అది ఆరాక డాక్టరడిగిన ముదురు నీలం కొట్టాడు. ఊపిరి బిగబట్టి, అన్న నడిచినట్టే కారు పక్కన నడిచాడు. ఒకటి రెండు చోట్ల కారింది గానీ, దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. కాదు, చాలా బాగుంది. షెడ్డు గుమ్మంలో నిలబడి చూసుకుంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది పైకి కనబడే పని. ఇది తనది.

అన్నని ఇంటికి తెచ్చాక, చక్రాల కుర్చీలో షెడ్డుకి తీసుకొచ్చారు. వదిన మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు. "చూడండి, మీ తమ్ముడు ఎలా వేశాడో!"

అన్న ఎడమచెయ్యి చాపి డ్రైవరు వైపు తలుపు అంచు చూపించాడు. అక్కడ చిన్న చిన్న బొబ్బలు. గీకుడు వంగి గోటితో నొక్కాడు. బొబ్బ చితికి, లోపల్నుంచి రిమూవరు చెమ్మ వేలికి చురుక్కుమంది. తలుపు కింద కూడా అంతే, వెనక డిక్కీ చుట్టూ అంతే. కడగని మడతలు. ఆస్పత్రి హడావుడిలో మళ్ళీ తలపుకే రాలేదు. మీద ఎంత నున్నగా వేస్తేనేం, కింద నుంచి తినుకుంటూ వస్తోంది.

రంగు వెయ్యడం రాకపోతే ఎవరూ తప్పుపట్టరు. కానీ తప్పు రంగులో లేదు. గీకడంలో ఉంది. వచ్చిన ఒక్క పనిలో ఉంది.

"అన్నా, ఆరోజు..." అని మొదలుపెట్టాడు. అన్న కళ్ళు మూసుకున్నాడు. వదినకి ఏమీ అర్థం కాక, "చిన్న బొబ్బలేగా, సర్దుకోవచ్చుగా?" అని ఒకసారి మొగుడి వంక, ఒకసారి మరిది వంక చూసింది.

డాక్టరు కారుని పెద్దరోడ్డు మీది వర్క్‌షాపుకి పంపించేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పనుల్లేక ఖాళీ చేసిన షెడ్డు ఎవరో టైర్లవాళ్ళు తీసుకున్నారు.

కొన్నాళ్ళకి ఆ వర్క్‌షాపు మేస్త్రీ ఇంటికే వచ్చి, గుమ్మం బయటే నిలబడి గొంతు తగ్గించాడు. "నీకు చెప్పడానికి నోరు రావట్లేదు గానీ, ఆ నీలం కారు మొదట్నుంచీ గీకాలి. మా కుర్రాళ్ళు రేకు పాడు చేస్తున్నారు. నీ అంత బాగా గీకేవాడు ఊళ్ళో లేడు."

గీకుడు ఒకసారి లోపలి మంచం వైపు చూశాడు. "వస్తాను" అన్నాడు.

కంపెనీ నలుపు అతన్ని ఎంత ఏడిపించిందో! తను వేసిన నీలం మాత్రం, రిమూవరు తగలగానే తడిసిన కాయితంలా లేచొచ్చింది. ముద్దలు ముద్దలుగా కాళ్ళ దగ్గర పడింది. మేస్త్రీ అటుగా వచ్చి, "అబ్బ, ఎంత తేలిగ్గా వస్తోందో!" అన్నాడు, ఆ రంగు ఎవరు వేశారో మరిచిపోయి.

ఇంట్లో ఎక్కడికెళ్ళాడో చెప్పలేదు. కానీ లోపలికి అడుగుపెట్టగానే రిమూవరు ఘాటు అతనికన్నా ముందే మంచం దాకా వెళ్ళింది. అన్న ఒకసారి అతని చేతుల వైపు చూసి, మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నీళ్ళు తోడాను, స్నానం చేసి రా" అంది వదిన, ఇంకేమీ అడగకుండా.

అతను తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. రేపు కూడా వెళ్ళాలి. కారు వెనక సగం ఇంకా నీలంగానే ఉంది.